ఊరకున్నవారి వంతు

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ‘వంతు’ అన్న మాటకు అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట, దాని తరువాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కలిపి సుమారు 10 లక్షల ఎకరాలకు నీరు ఇస్తున్నవి. సార్వాకు ఇబ్బంది లేదు. నది నిండుగా ఉంటుంది. దాళ్వాలో ఏటిలో నీరు తగ్గినప్పుడే అసలు కథ. అప్పుడు కాలువలకు వంతులు వేస్తారు. ఇన్ని రోజులు ఈ కాలువకు, ఇన్ని రోజులు ఆ కాలువకు. ఎగువ రైతు తన వంతు ముగిసిన తరువాత కూడా తూము తెరచి ఉంచి పెళ్ళికో పేరంటానికో వెళ్ళిపోతే, శివారు రైతు పార భుజాన వేసుకొని రాత్రంతా గట్టు మీద కాపు కాయవలసిందే. ఆ వెళ్ళిపోయిన మనిషి దుర్మార్గుడు కానక్కరలేదు. మరచిపోయాడు, అంతే. కాని ఆయన చేలోంచి పొంగిన నీరు ఎవరికీ పనికిరాకుండా మురుగు కాలువలో కలుస్తూ ఉంటుంది. లస్కరు సైకిలు వేసుకొని వచ్చి తలుపు దించేదాకా అంతే సంగతి.

నలుగురూ వాడుకొనే కంప్యూటరు ముందు కూర్చొని, పని మధ్యలో లేచి వెళ్ళిపోయిన మనిషి కూడా ఈ ఎగువ రైతువంటివాడే. ఒక్క తేడా ఉన్నది. తెరచి వదలిన తూములోంచి పోయేది నీరు మాత్రమే. తెరచి వదలిన ఖాతాలోంచి ఏమి పోతుందో, ఎవరి చేతికి పోతుందో చెప్పలేము.

లినక్సు కంప్యూటరులో కదలక మెదలక ఉన్న వాడుకరిని దానంతట అదే బయటికి పంపించే ఏర్పాటు గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఇది ఒక ఆదేశంతో తేలిపోయే విషయమనే పుస్తకాలు చెబుతాయి. ఆదేశం చిన్నదే. దాని చుట్టూ ఉన్న మనుషుల వ్యవహారమే పెద్దది.

2000ల తొలి సంవత్సరాలలో రాజమండ్రిలో ఉన్నవారికి నెట్ సెంటర్లు గుర్తుండే ఉంటాయి. ప్లైవుడ్డు అరలు, కుయ్యిమంటూ తిరిగే పంకా, గంటకు ఇంత అని గోడ మీద కాగితం. మనలో కొందరు తెలుగులో మొదటి వాక్యం రాసినది అటువంటి అరలోనే. ఎక్స్‌పీ యంత్రంలో తెలుగు సరిగా కనిపించాలంటే సీడీ పెట్టి సంక్లిష్ట లిపుల మద్దతు విడిగా ఎక్కించుకోవలసి వచ్చేది. ఆ యంత్రంలో వచ్చే తెలుగు ఖతి పేరు ‘గౌతమి’ కావడం మన ఊరివారికి ఒక చిన్న గర్వం. అక్కడ గంట కాగానే తెర మూసుకొనేది. కాని అది డబ్బు లెక్క, మనిషి లెక్క కాదు. అర ఖాళీ అయిన తరువాత వచ్చినవారికి, ముందటివారి యాహూ మెసెంజరో ఆర్కుట్ పుటో తెరిచే కనబడేది. మంచివాడైతే మూసి తన పని చూసుకొనేవాడు. కొంటెవాడైతే ఏమి చేసేవాడో మీ ఊహకే వదిలివేస్తున్నాను. 2014లో ఆర్కుట్ మూతపడింది, 2018లో మెసెంజరు కూడా మూతపడింది. తెరచి వదలివేసే అలవాటు మాత్రం మూతపడలేదు.

ఆ కాలంలోనే, 2002లో, పశ్చిమ గోదావరి జిల్లాలో మండల కేంద్రాల వరకు ఈ-సేవా కేంద్రాలు వెలిశాయి. వాటిని నడిపినవారిలో స్వయం సహాయక సంఘాల మహిళలు ఉండడం అప్పట్లో దేశమంతా చెప్పుకొన్న విశేషం. ఒకే యంత్రం, దాని ముందు వందల కుటుంబాల కాగితాలు. పొదుపు సంఘంలో అణాపైసలతో లెక్క రాసుకొన్న చేతులే ఆ మీటల మీద ఆడాయి. పంచుకొనే కంప్యూటరు అన్నది మనకు పేదరికపు సర్దుబాటుగా మాత్రమే రాలేదు, సంఘపు అలవాటుగా కూడా వచ్చింది అని నాకు అనిపిస్తుంది.

2011లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫులకు నియమాలు చేసింది. వచ్చినవారి గుర్తింపు పత్రం చూడాలి, పుస్తకంలో పేరు రాసుకోవాలి, ఆ వివరాలు ఏడాదిపాటు భద్రపరచాలి, అరల అడ్డుగోడలు నాలుగున్నర అడుగులకు మించరాదు. వచ్చినవారిని గుర్తుపెట్టుకోవడం మీదనే ఆ నియమాలకు ఎక్కువ శ్రద్ధ. వెళ్ళిపోయినవారిని యంత్రం మరచిపోవాలన్న శ్రద్ధ మనం సొంతంగా పెట్టుకోవలసినదే.

ఇక అసలు సంగతి. మా వైపు ఊళ్ళలో పఠనమందిరాలు పాత సంగతే. రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు బాల్యంలోనే, 1898లో, తన గురువు వడ్డాది సుబ్బారాయకవి గారి పేరు మీద వసురాయ గ్రంథాలయం పెట్టారు. నేటి గౌతమీ గ్రంథాలయానికి మూలం అదే. ఆ గాలి కోనసీమ పల్లెలకు కూడా సోకింది. అటువంటి ఒక పల్లెలోని పఠనమందిరంలో, దాతలు ఇచ్చిన నాలుగు పాత కంప్యూటర్లు ఉండేవి. లినక్సు ఎక్కించాము. లైసెన్సు ఖర్చు లేదు, తెలుగులో కనబడుతుంది, పాత యంత్రం మీద కూడా నడుస్తుంది. ఈ మూడు కారణాలు చాలినవి. గ్నోమ్ తెర మీద తెలుగు మాటలు చూసి పిల్లలు మొదట నవ్వారు, తరువాత అలవాటు పడ్డారు.

2019 వేసవి దాటిన తరువాత గ్రామ సచివాలయ ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. దరఖాస్తు అంతా అంతర్జాలంలోనే. ఊళ్ళో డిగ్రీ చేతబట్టుకొని కూర్చున్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ పఠనమందిరం అరుగు మీదనే. ఒక్కొక్కరికి అరగంట వంతు. పేర్లు రాయడానికి ఒక నోటుపుస్తకం. ‘పని కాగానే నిష్క్రమించండి’ అని గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు.

ఆ రద్దీలో ఒకనాడు ఒక అమ్మాయి తన ఉత్తరాల పెట్టె తెరిచి, ధ్రువపత్రం ఒకటి ప్రింటు తీయించుకోవడానికి ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టుకు వెళ్ళింది. అక్కడ వరుస ఉన్నది. తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలలో ఆ కుర్చీలో ఎవరో కూర్చొన్నారు. ఆమె పేరుతో ఆమె బంధువులకే ఒక ఉత్తరం వెళ్ళింది. దానిలో ఏముందో ఇక్కడ రాయను. ఒక ఆడపిల్ల పేరు మీద రాయడానికి సిగ్గుపడవలసినది ఏదో అది. ఆ సాయంత్రమే ఆమె తండ్రి వచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా, నోటుపుస్తకంలో తన కూతురి పేరు వెతికి, దాని మీద అడ్డంగా గీత గీసి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి మళ్ళీ మందిరం గడప తొక్కలేదు.

మందిరం పెద్దలు కూర్చొని మాట్లాడుకొన్నారు. అటువంటి సభలలో మొదట వచ్చే మాటే వచ్చింది: ‘బోర్డు ఉన్నది కదండీ, ఆ పిల్లదే అజాగ్రత్త.’ నిజమే, బోర్డు ఉన్నది. కాలువ గట్టున కూడా బోర్డు ఉంటుంది. బోర్డు ఏనాడూ తూము దించలేదు. పైగా అజాగ్రత్తకు శిక్ష ఎంత ఉండాలి? ఇరవై నిమిషాల మరపుకు ఒక పిల్ల చదువుకొనే చోటు పోవడం ఏ లెక్కన సరి? మనుషులు మరచిపోతారని తెలిసి తెలిసీ, మరపును కాచుకొనే ఏర్పాటు చేయనివారి వంతు కూడా అందులో కొంత ఉన్నదని ఒక పెద్దాయన అన్నారు. అప్పుడే ఆ పని నా మీద పడింది.

మొదట అందరికీ తోచేది తెరకు తాళం వేయడం. అయిదు నిమిషాలు కదలిక లేకపోతే తెర నల్లబడి సంకేతపదం అడుగుతుంది. ఇంట్లో ఒక్కరే వాడుకొనే యంత్రానికి ఇది చాలు, ఇదే మంచిది కూడా. చేస్తున్న పని చేస్తున్నట్లే ఉంటుంది, పరాయివాడి కంట పడదు. కాని పంచుకొనే యంత్రానికి ఇది వికటిస్తుంది. వెళ్ళినవాడు తాళం తనతో తీసుకొనిపోతాడు. తరువాతి వంతువాడు తలుపు బయట నిలబడతాడు. ‘వేరొక వాడుకరిగా ప్రవేశించు’ అంటే, మొదటివాడి సరంజామా అంతా లోపల అలాగే ఉండగా రెండవవాడు దాని మీద కూర్చోవాలి. ముగ్గురు నలుగురు అలా పేరుకొనేసరికి ఒక జీబీ జ్ఞాపకశక్తి ఉన్న పాత యంత్రం ఆయాసపడి కూలబడుతుంది. కనుక ఇక్కడ కావలసినది తాళం కాదు, నిష్క్రమణ.

నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేసేవారికి ఏర్పాటు పాతదే, సులువైనదే. బాష్‌లో టీ, ఎం, ఓ, యు, టీ అన్న అయిదు పెద్ద అక్షరాలతో ఒక చలరాశి ఉన్నది. దానికి 600 అని విలువ ఇస్తే, ఆదేశం కోసం 600 సెకండ్లు ఎదురుచూసి, ఎవరూ ఏమీ టైపు చేయకపోతే బాష్ తనంతట తానే ముగిసిపోతుంది. అందరికీ వర్తించే ప్రొఫైలు దస్త్రంలో రాసి, మార్చడానికి వీలులేనిదిగా ప్రకటిస్తే సరి. అయితే ఇది ఆదేశం కోసం ఖాళీగా ఎదురుచూస్తున్నప్పుడే పనిచేస్తుంది. లోపల ఏదైనా ఎడిటరు తెరిచి వదలి వెళ్ళినవారిని ఇది పట్టుకోలేదు. మా మందిరంలో నల్ల తెర జోలికి వెళ్ళేవారు ఎట్లాగూ లేరు కనుక దీనితో పని పడలేదు.

గ్నోమ్ తెరకు మార్గం వేరు. అక్కడ ఈ వ్యవహారం చూసేది విద్యుత్తు పొదుపు విభాగం కావడం కొంత వింతగా ఉంటుంది. ఇంతసేపు కదలిక లేకపోతే ఏమి చేయాలి అన్న ప్రశ్నకు అది ఇచ్చే ఎంపికలలో నిద్రపుచ్చడం, ఆపివేయడం, ఏమీ చేయకపోవడం వీటితో పాటు లాగౌట్ అన్నది కూడా ఒకటి ఉన్నది. మామూలు అమరికల కిటికీలో ఇది కనబడదు. డీకాన్ఫ్ అనే భాండాగారంలో రాయాలి. నిర్వాహకుడు చేయవలసినవి మూడు. వాడుకరి ప్రొఫైలులో ఊరుమ్మడి భాండాగారం ఒకటి ఉన్నదని చెప్పడం ఒకటి. ఆ భాండాగారపు దస్త్రంలో, కరెంటు మీద నడుస్తున్నప్పుడు 900 సెకండ్లు కదలిక లేకపోతే లాగౌట్ చేయమని, బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా అదే చేయమని రాయడం రెండవది. వాడుకరి తన ఇష్టం వచ్చినట్లు మార్చుకోకుండా ఆ అమరికల పేర్లను తాళాల దస్త్రంలో చేర్చడం మూడవది. తరువాత డీకాన్ఫ్ అప్‌డేట్ అన్న ఆదేశం ఇస్తే, మరుసటి ప్రవేశం నుంచి అమలులోకి వస్తుంది. గడువు దగ్గరపడగానే ‘కదలిక లేనందువలన కాసేపట్లో మీరు నిష్క్రమిస్తారు’ అన్న అర్థం వచ్చే చిన్న హెచ్చరిక కూడా అదే చూపిస్తుంది. ఇప్పుడైతే తెర ఏదైనా సరే, 2022లో వచ్చిన సిస్టమ్‌డీ 252వ కూర్పు నుంచి లాగిన్‌డీ కూడా ఇంతకాలం ఊరకున్న సెషన్‌ను ఆపగలదు. అయితే ఊరకున్నదో లేదో దానికి తెర చెప్పాలి.

ఇక్కడితో పని అయిపోయిందని చాలామంది అనుకొంటారు. మా పని ఇక్కడే మొదలయింది. కంప్యూటరులోంచి బయటికి వస్తే ఉత్తరాల పెట్టెలోంచి బయటికి వచ్చినట్లు కాదు. బ్రౌజరు తాను తెచ్చుకొన్న కుకీలను తన అరలో దాచుకొంటుంది. నలుగురికీ ఒకే ఖాతా ఉన్నచోట, తరువాతివాడు ప్రవేశించి బ్రౌజరు తెరవగానే ముందటివారి పెట్టె నిక్షేపంగా తెరుచుకోవచ్చు. వీధి తలుపు మూసి బీరువా బార్లా తెరచి ఉంచినట్లన్నమాట. ఆ అమ్మాయికి జరిగినది మళ్ళీ జరగకుండా ఉండాలంటే, నిష్క్రమణతో పాటు చెరిపివేత కూడా ఉండాలి.

ఉబుంటులో ఒకప్పుడు ‘అతిథి’ ఖాతా ఉండేది. ప్రవేశించినప్పుడు తాత్కాలికంగా ఒక ఇల్లు కట్టి, వెళ్ళగానే ఆ ఇంటిని కూల్చివేసేది. 2017లో గ్నోమ్ తెరకు మారినప్పుడు ఆ సదుపాయం పోయింది. అదే పద్ధతిని మేము చేత్తో కట్టుకొన్నాము. మందిరం ఖాతాకు ఇల్లు డిస్కు మీద కాక జ్ఞాపకశక్తిలో ఉంటుంది. ప్రతి ప్రవేశానికీ ఒక శుభ్రమైన నమూనా నుంచి నకలు తీసుకొంటుంది, ప్రతి నిష్క్రమణకూ చెరిగిపోతుంది. పలక తుడిచి తరువాతి పిల్లవాడికి ఇచ్చినట్లు. దించుకొన్న దస్త్రాలు, ఫోటోలు, కుకీలు, సంకేతపదాలు అన్నీ ఒక్క ఊపుతో పోతాయి. కావలసినది పెన్‌డ్రైవులో పెట్టుకోవలసిన బాధ్యత వాడుకరిది.

అందరికీ పెట్టేముందు ఒక వారం పరీక్షగా నడిపి చూద్దామని నిర్ణయించాము. ఆ వారంలో నాకు తెలిసినంత, పుస్తకాలలో దొరకదు.

మందిరానికి రోజూ వచ్చే ఒక మాస్టారు ఉన్నారు. తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారు ఒకప్పుడు స్కాన్ చేయించిన పాత పుస్తకాలను మేము ఒక డిస్కులో పోగుచేసి పెట్టాము. ఆయన ఉదయం పూట, పిల్లల రద్దీ లేనివేళ, నన్నయ భారతం తెరిచి కూర్చొంటారు. మన రాజమహేంద్రవరంలోనే పుట్టిన పుస్తకం కదా. ఒక పద్యం, దాని కింద టీక. ఒక పుట మీద ఇరవై నిమిషాలు. మౌసు మీద చేయి వేయరు. చేతులు రెండూ ఒడిలో పెట్టుకొని చదువుతారు. పరీక్ష మొదలైన రెండవ రోజు పదిహేను నిమిషాలకు ఆయన ముందున్న తెర మాయమై ప్రవేశ ద్వారం వచ్చి నిలిచింది. ఆయన కోపగించలేదు. నా వైపు తిరిగి అడిగారు: ‘నాయనా, నేను ఇక్కడే కూర్చొని చదువుతూ ఉన్నాను కదా. నేను లేచి వెళ్ళానని దీనికి ఎవరు చెప్పారు?’

‘ఎవరూ చెప్పలేదు మాస్టారూ. మీరు మీట నొక్కలేదు కనుక అది అలా అనుకొంది’ అన్నాను.

‘అయితే అది నన్ను చూడలేదన్నమాట. నా వేళ్ళను చూసింది’ అన్నారు.

అదే సాయంత్రం మరొక చోద్యం. ఇద్దరు కుర్రవాళ్ళు ఒక సినిమా పెట్టుకొని, వారు కూడా చేతులు కట్టుకొని, గంటన్నర చూశారు. వారిని యంత్రం కదిలించలేదు. కారణం ఉన్నది. సినిమా ఆడించే ప్రోగ్రాము, ‘నేను పనిలో ఉన్నాను, నా వాడుకరిని ఊరకున్నవాడిగా లెక్కించవద్దు’ అని తెరకు చెప్పి పెడుతుంది. పుస్తకం చూపించే ప్రోగ్రాము మామూలుగా అటువంటి మనవి ఏదీ చేయదు. బొమ్మ కదులుతున్నంతసేపు మనిషి ఉన్నట్లే. అక్షరం కదలదు కనుక దాని ముందున్న మనిషి లేనట్లే. ఎవరూ పనిగట్టుకొని చదువరులకు అన్యాయం చేయలేదు. కదలికను కొలవడం సులువు, శ్రద్ధను కొలవడం అసాధ్యం. సులువైనదానినే కొలిచారు, అంతే. కాని దాని ఫలితం మాత్రం, నెమ్మదిగా చదివేవారు, టైపు చేయడానికి ఒక్కొక్క అక్షరం వెతుక్కొనేవారు, ఫారం నింపుతూ ఏ గడిలో ఏమి రాయాలో తెలియక ఆలోచనలో పడినవారు, అందరూ ‘లేనివారి’ పద్దులోకి వెళ్ళిపోతారు.

ఇక హెచ్చరికలో ఏ మాట వాడాలన్న చర్చ వచ్చింది. ఇంగ్లీషులో ఐడిల్ అన్న మాటకు తెలుగు ఏమిటి? నిఘంటువు తెరిస్తే ‘సోమరి’ ఎదురవుతుంది. నన్నయను చదివే మాస్టారిని పట్టుకొని సోమరి అనడానికి నోరు ఎలా వస్తుంది? ‘నిష్క్రియ’ అంటే రసాయనశాస్త్రం వాసన. ‘ఖాళీగా ఉన్నారు’ అంటే మన వైపు అది కొంచెం ఎత్తిపొడుపు. ఉద్యోగం లేని పిల్లవాడిని ఆ మాట ఎక్కడ గుచ్చుకొంటుందో మనకు తెలుసు, ఆ కుర్చీలలో కూర్చొన్నవారిలో సగం మంది ఉద్యోగం కోసం దరఖాస్తు పెడుతున్నవారే. ‘ఊరకున్నారు’ అన్నది అందమైన మాట, కాని ఊరకుండడం అనేది మనిషి చేసే పని. యంత్రానికి తెలిసినది అది కాదు. ‘మీ చేయి ఆడలేదు’ అని ఒకరు సూచించారు. అది విని అందరూ నవ్వారు. కాలూ చేయీ ఆడకపోవడం అంటే మనకు వేరే అర్థం ఉన్నది మరి.

చివరికి మాస్టారే తేల్చారు. ‘మనిషి గురించి ఏమీ చెప్పవద్దు. దానికి తెలిసినది అదే చెప్పమను: మీటలు కదలలేదు అని.’

ఆ మాట నాకు ఈనాటికీ ఆదర్శంగా ఉన్నది. గంట గంటకూ మనల్ని కొలిచే యంత్రాలు పెరిగిపోయిన ఈ కాలంలో, తనకు తెలిసినంతే చెప్పే యంత్రం ఎంత అరుదు!

అప్పుడు చేసిన సర్దుబాట్లు ఇవి. ఎక్స్ తెర చివరి మీట నుంచి ఎంతసేపు గడిచిందో అడిగితే చెబుతుంది. నిమిషానికి ఒకసారి దానిని అడిగే చిన్న స్క్రిప్టు ఒకటి రాశాము. పన్నెండవ నిమిషంలో తెర మధ్య పెద్ద అక్షరాలతో ఇలా కనబడుతుంది: ‘12 నిమిషాలుగా మీటలు కదలలేదు. మీరు ఉంటే ఏదైనా ఒక మీట నొక్కండి. లేకపోతే మరి 3 నిమిషాలలో ఈ పలక తుడిచి తరువాతివారికి ఇస్తాము.’ మూడు నిమిషాలు ఎందుకంటే, వీధి కుళాయి దగ్గర మంచినీళ్ళు తాగుతున్నవాడిని పక్కవాడు కేకవేసి పిలవడానికి అంత వ్యవధి చాలు. నిజానికి ఆ హెచ్చరికలో సగం ప్రయోజనం ఆ పక్కవాడికే. తెర మీద పెద్దగా కనబడితే ఎవరో ఒకరు ‘ఒరేయ్, నీదిరా, పోతోంది’ అని అరుస్తారు. లస్కరు పని అలా నలుగురూ పంచుకొన్నారు.

రెండవ సర్దుబాటు, నాలుగు యంత్రాలలో ఒకదానిని విడదీయడం. కిటికీ పక్కన ఉన్న యంత్రానికి అంతర్జాలం తీసివేశాము, నిష్క్రమణ గడువూ తీసివేశాము. పుస్తకాలు మాత్రం ఉంటాయి. ఎవరి ఉత్తరాల పెట్టే అక్కడ తెరుచుకోదు కనుక, అక్కడ మరచిపోవడం వలన ఎవరికీ ప్రమాదం లేదు. దాని ముందు ఎంతసేపైనా ఊరకుండవచ్చు. గడువు ఎంత ఉండాలి అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాము కాని, సమాధానం అంకెలో లేదు. ఏ కుర్చీలో పోగొట్టుకోవడానికి ఏమున్నది అన్న ప్రశ్నలో ఉన్నది. పరుల చేతికి చిక్కగలిగినది ఉన్నచోట గడువు కటువుగా ఉండాలి. లేనిచోట అసలు ఉండనక్కరలేదు.

ఇదంతా అయ్యాక పెద్దలలో ఒకరు ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి చెప్పి వచ్చారు. తండ్రి మర్యాదగా కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, అంతా విని, ‘మంచి పని చేశారండి’ అన్నాడట. పిల్లను పంపుతానని మాత్రం అనలేదు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు అని మనవారు ఊరికే అనలేదు. ఏ ఏర్పాటైనా తరువాతివారికే ఉపయోగం. ముందు నష్టపోయినవారి లెక్క అలాగే మిగిలిపోతుంది. కాని ఆ తరువాత నోటుపుస్తకంలో ఆడపిల్లల పేర్లు తగ్గలేదు. అది ఒక్కటే నేను చెప్పగల ఫలితం.

ఇప్పుడు ఇంటింటా, చేతి చేతా ఫోన్లు ఉన్నవి, పంచుకొనే కంప్యూటరు ముచ్చట ఎందుకు అనవచ్చు. జిరాక్సు కొట్టుకు వెళ్ళి చూడండి. ఆధారు కార్డు ప్రింటు కోసం మన వాట్సాప్‌ను ఆ కొట్టు కంప్యూటరులో తెరిచి, కాగితం చేతికి రాగానే వచ్చేస్తాము. దించుకొన్న దస్త్రం ఆ యంత్రంలోనే, మన సంభాషణలు ఆ తెర మీదనే. పాసుపుస్తకం, పదో తరగతి మార్కుల జాబితా, పొలం అడంగల్, అన్నీ అక్కడ కుప్పగా పడి ఉంటాయి. కొట్టువాడు మంచివాడే. తూము తెరచి వెళ్ళిన ఎగువ రైతు కూడా మంచివాడే అని ముందే చెప్పుకొన్నాము.

కనుక ఒక మనవి. అటువంటి కొట్టు నడిపేవారు మీ ఎరుకలో ఉంటే, ప్రింటు అయిన వెంటనే దస్త్రం తీసివేసేలా, ఖాతా మూసివేసేలా, రోజు చివర పలక తుడిచేలా ఆ యంత్రాన్ని ఒక గంట కూర్చొని అమర్చిపెట్టండి. లినక్సు అయితే పైన చెప్పిన దారి ఉన్నది. వేరొకటి అయినా దారి ఉంటుంది. డబ్బు ఖర్చు లేదు. వాళ్ళు ఒక టీ తెప్పిస్తారు, తాగి రండి.